ఎవరూ లేరండి

"ఎవరూ లేరా?"

షాపు మెట్టు దగ్గరికి ముగ్గురు మగవాళ్ళు వచ్చారు. అడిగింది ముందున్న గడియారాల పెద్దాయన. ఆ వీధి వర్తకులకు ఆయనే అధ్యక్షుడు. ఆయన వెనక కాగితాల కొట్టు కుర్రాయన, ఆ వెనక పక్క షాపు తాళాలాయన చేతిలో సుద్దముక్కతో నిలబడి ఉన్నారు.

ఆమె బల్ల మీదికి వంగి ఉంది. బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద గాజు పలక, పలక మీద చెక్క స్కేలు. స్కేలును ఎడమచేత్తో అదిమి పట్టి, కుడిచేత్తో కట్టర్ లాగుతోంది. దాని చిన్న చక్రాన్ని అప్పుడే కిరసనాయిల్లో ముంచి తీసింది. గాజు మీద గీత సగంలో ఆపితే పలక పాడవుతుంది. ఆగి మళ్ళీ గీస్తే ఇంకా పాడవుతుంది. అందుకని ఎవరొచ్చినా, ఎవరు పిలిచినా గీత చివరిదాకా వెళ్ళాల్సిందే. కొత్త గుడ్డ చింపినట్టు సన్నటి చప్పుడు చేస్తూ చక్రం అంచు దాటింది. ఆమె పలకను బల్ల చివరికి జరిపి, రెండు అరచేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. టక్కుమంది. పలక రెండయింది. అప్పుడు తలెత్తింది.

"ఎవరూ లేరండి" అంది, కట్టర్ చేతిలో ఉండగానే. "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు."

"అయ్యో, ఏమైంది?"

"కిడ్నీలో రాయండి. తీసేశారు."

"గాజు పని చేసేవాడి ఒంట్లో రాయి చేరిందా? పాపం, పగబట్టి చేరినట్టుందే!" అన్నాడు పెద్దాయన. వెనకాల ఇద్దరూ నవ్వారు. మర్యాదకు ఆమె కూడా నవ్వింది.

పెద్దాయన షాపంతా ఒకసారి చూశాడు. గోడకు చేరేసిన పలకలు, కట్టిన చట్రాలు, కిందపడ్డ గాజు ముక్కలు, తీసి పక్కకు నెట్టిన కర్టెన్, అన్నీ చూశాడు. ఆమె చేతిలోని కట్టర్‌నూ చూశాడు.

"అయితే ఎవరూ లేరన్నమాట" అని వెనక్కి తిరిగాడు.

తాళాలాయన షట్టర్ కాస్త కిందికి లాగి, దాని మీద సుద్దతో ఏదో గీసి, మళ్ళీ పైకి తోశాడు. ముగ్గురూ పక్క కొట్టుకు వెళ్ళారు. అక్కడ "ఏమయ్యా, ఉన్నావా?" అన్న పెద్దాయన గొంతు, "ఉన్నాను రండి, రండి" అన్న జవాబు ఆమెకు వినిపించాయి. కోసిన ముక్కల అంచులు సానరాయితో రుద్దుతూ ఆ సంగతి అక్కడితో మరచిపోయింది.

మరచిపోవడానికి కారణం ఉంది. 'ఎవరూ లేరండి' అన్నది ఆమె ఆలోచించి అన్న మాట కాదు. ఆమె తల్లి కూడా తలుపు సగం తెరిచి అదే అనేది. ఇంట్లో అమ్మమ్మ, పిన్ని, ఇద్దరు అక్కలు, తను, అందరూ ఉన్నప్పుడూ అదే అనేది. వచ్చినవాడు సరేనని వెళ్ళిపోయేవాడు. ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ తరుగు లేకుండా నడిచిన బేరం అది. ఏళ్ళ తరబడి నడిచిన బేరంలో తూకం ఎవరూ సరిచూడరు.

కాసేపటికి ఒకాయన ఫొటో చట్రం కోసం వచ్చాడు. అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, అంచు మీద వేలు పోనిచ్చాడు.

"ఏం చెయ్యమ్మా మీ ఆయనది! వెన్న కోసినట్టు కోశాడు. ఆస్పత్రికి వెళ్ళేముందే కోసి పెట్టి వెళ్ళాడా?"

ఆ అద్దం ఆమె పొద్దున కోసింది.

"ఆఁ" అంది.

---

మర్నాడు ఆమె షట్టర్ ఎత్తుతుంటే ఇస్త్రీ అక్క కేకేసింది. షాపు ఎదురుగా వేపచెట్టు నీడలో అక్క ఇస్త్రీ బండి. పెట్టెలో బొగ్గులు విసురుతూ మాట్లాడటం ఆవిడకు అలవాటు. మాటల్లోంచి కూడా నిప్పురవ్వలే రాలతాయి.

"ఒసేయ్, ఆగు! పైకి లేపెయ్యకు. ఆ గుర్తేమిటే నీ షట్టర్ మీద?"

ఆమె షట్టర్ సగానికి దించి చూసింది. సుద్దతో గీసిన ఇంటూ గుర్తు. జానెడు ఉంది.

"ఏమో అక్కా. నిన్న వచ్చినవాళ్ళు గీశారు."

"అందరికీ టిక్కు పెట్టారు. నీకొక్కదానికే కొట్టేశారు. నా బండికయితే అదీ లేదు. కొట్టెయ్యడానికైనా నేను లెక్కలోకి రావాలి కదా!"

ఆమె తాళాలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తాళంచెవి ఒకటి ఆకురాయితో అరగదీస్తున్నాడు.

"బాబాయ్, నా షట్టర్ మీద ఇంటూ ఎందుకు గీశారు?"

ఆయన తల ఎత్తలేదు. "కొత్త బిల్డింగు తయారయింది కదమ్మా. ఈ వరస పడగొట్టేస్తారు. నడుస్తున్న కొట్లకు అక్కడ కింద, రోడ్డు వైపు గదులు. మూతపడ్డవాటికి పైన, వెనకవైపు."

"నాది మూతపడ్డదా?"

"మేం వచ్చినప్పుడు ఎవరూ లేరు కదమ్మా."

"నేను లేనా?"

తాళాలాయన తాళంచెవిని ఊది, వెలుతురులో తిప్పి చూశాడు. "ఉన్నావు. కానీ ఎవరూ లేరని నువ్వే అన్నావు."

"మీరు రోజూ నా పక్కనే కూర్చుంటారు. నేను పొద్దున తెరవడం చూస్తారు, సాయంత్రం మూయడం చూస్తారు. అక్కడ మీ నోటికి ఏమయింది?"

"సుద్ద మాత్రమే నా చేతిలో ఉందమ్మా. మాట ఆయనది. ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు. మధ్యలో నేనెవర్ని?"

ఆమె కొత్త బిల్డింగు వైపు నడిచింది. ఇంకా సున్నం వాసన వేస్తోంది. మెట్లు ఎక్కి చూసింది. ఇరుకు మెట్లు. మధ్యలో ఒక మలుపు. మలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ చాచింది, పెద్ద పలకను ఒక పక్కనుంచి పట్టుకున్నట్టు. వేళ్ళు గోడకు తగిలాయి. అటు తిరిగి చాచింది. మోచెయ్యి కమ్మీకి తగిలింది. పైన వెనకవైపు గదికి ఒక్క పెద్ద పలక కూడా చేరదు. చేరినా ముక్కలై చేరుతుంది. అక్కడ గాజు కొట్టు పెట్టమనడమంటే కొట్టు పెట్టొద్దని చెప్పడమే. చెప్పినట్టు ఉండకుండా చెప్పడం.

మెట్లు దిగి నేరుగా గడియారాల షాపుకు నడిచింది.

---

గడియారాల షాపులో గోడ నిండా గడియారాలు. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. వాటి కింద పెద్దాయన ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు.

"రామ్మా. మీ ఆయనకెలా ఉంది?"

"బాగానే ఉందండి. నా షాపుకు ఇంటూ పెట్టారట."

"మీ షాపుకా?" పెద్దాయన భూతద్దం తీశాడు. "అవునమ్మా. కమిటీ అన్నాక అందరికీ ఒకటే రూలు. వెళ్ళి అడగడం, ఎవరైనా ఉంటే టిక్కు, లేకపోతే ఇంటూ. మీ దగ్గర అడిగాం. ఎవరూ లేరన్నావు. ముగ్గురం విన్నాం. మేం అబద్ధం గీశామా?"

"మా ఆయన లేరని చెప్పానండి."

"అదేగా నేనూ అంటున్నది."

"షాపు నడుస్తోందండి. ఆయన లేకపోయినా నేను తెరిచే ఉంచాను. మీరొచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. చూశారు కదా?"

"చూశానమ్మా, చూడకేం? దుమ్ము దులుపుతున్నావో, సర్దుతున్నావో..."

"కోస్తున్నానండి."

పెద్దాయన నవ్వాడు. అది కోపపు నవ్వు కాదు. చిన్నపిల్ల ఏదో ముద్దుగా అంటే నవ్వే నవ్వు. దెబ్బ కంటే అదే ఎక్కువ తగిలింది.

"సరే, కోస్తున్నావు. మంచిదే. ఇంటావిడ చెయ్యి వేస్తేనే ఏ కొట్టయినా నిలిచేది. మా ఆవిడా దుకాణం ఊడ్చి వెళ్తుంది. కానీ చూడమ్మా..." బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు, ఆమె మంచి కోసమే చెబుతున్నట్టు. "నువ్వున్నావు. ఎవరు కాదన్నారు? కానీ ఎవరైనా ఉండాలి కదా!"

ఆమె ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా పగులు లేదు. అనేవాడికి అంత నున్నగా ఉంది ఆ మాట.

"మీ ఆయన వచ్చాక పంపించు. మాట్లాడుకుంటాం" అని ఆయన భూతద్దం మళ్ళీ కంటికి బిగించాడు. గోడ మీద ఒక గడియారం గంట కొట్టింది. కాసేపటికి ఇంకొకటి కొట్టింది. ఏది సరయినదో ఎవరికీ పట్టలేదు.

---

ఆస్పత్రిలో ఆమె మొగుడు అద్దాలాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె డబ్బా విప్పి గ్లాసులోకి జావ పోసి అందించింది. ఆయన కుడిచేత్తో అందుకున్నాడు. గ్లాసు వణికింది. ఎడమచెయ్యి కూడా తోడు పట్టుకున్నాడు. పక్క మంచాలవాళ్ళు ఎవరైనా చూశారేమోనని కళ్ళు అటూ ఇటూ తిప్పాడు.

ఆ చెయ్యి వణకడం మొదలయ్యాకే షాపులో బల్ల ముందునుంచి వెనక్కి వెళ్ళింది. బల్లకు అడ్డంగా కర్టెన్ వచ్చింది. ఆ కర్టెన్ ఆమే కుట్టింది. కొలతలు ఆయన తీసుకుంటాడు. గాజు ఆమె కోస్తుంది. కోసిన గాజును కర్టెన్ దాటించి ఆయన తెచ్చిస్తాడు. ఏం చెయ్యండీ మీది, అంటారు గిరాకీలు. ఏదోలెండి, అంటాడు ఆయన.

ఆమె జరిగిందంతా చెప్పింది.

"నువ్వెళ్ళావా ఆయన దగ్గరికి?" ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "నేనుండగా నువ్వెళ్ళడమేమిటి? వీధిలో నా మొహం ఏం కావాలి?"

"మీరు ఇక్కడున్నారు. గదులు అక్కడ పంచేస్తున్నారు."

"రేపో ఎల్లుండో పంపించేస్తారు నన్ను. వచ్చి నేను మాట్లాడతా."

"మీరు మాట్లాడితే ఒక్క మాట చెప్పండి చాలు. షాపులో గాజు కోసేది మా ఆవిడేనని చెప్పండి. అప్పుడు ఆ రోజు షాపులో మనిషి ఉన్నట్టే కదా. ఇంటూ తప్పవుతుంది."

ఆయన ఆమెను కొత్తగా చూశాడు.

"నా చెయ్యి వణుకుతోందని ఊరంతా చాటింపు వెయ్యమంటావా?"

"చెయ్యి సంగతి ఎవరడిగారు? నా సంగతి చెప్పమంటున్నా."

"రెండూ ఒకటే" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టంగానే ఉంది. కళ్ళు కిందికి దించుకున్నాడు. "అర్థం చేసుకో. నాకు మిగిలింది ఆ పేరొక్కటే."

ఆమె డబ్బా మూత బిగించింది. పట్టు ఎక్కువై మరలు తప్పాయి. మళ్ళీ విప్పి మళ్ళీ బిగించింది. ఆయన పేరు నిలబడటానికి తను ఎంత పోసిందో ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆ పోసింది పెట్టుబడి అనుకుంది. పెట్టుబడి అయితే ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుంది. ఇది ఓటికుండలో పోసిన నీళ్ళు.

---

ఇంటికొచ్చిన రోజే ఆయన ఆపరేషన్ కట్టు మీదే చొక్కా వేసుకుని గడియారాల షాపుకు వెళ్ళాడు. వచ్చేటప్పుడు నడకలో ఊపు ఉంది.

"చూశావా? నువ్వెళ్తే కానిది నేనెళ్తే అయింది. కింద, రోడ్డు వైపు గదే ఇస్తానన్నారు."

"ఊరికేనా?"

"ఊరికే కాదులే. ఆయన కొత్త షాపుకు ముందరి అద్దం. ఒకే పలక, మనిషంత ఎత్తు. ఎక్కడినుంచో తెప్పించాడట, అలాంటిది ఇంకోటి దొరకదట. మొత్తం వీధిలో నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నమ్మనయ్యా అన్నాడు. రేపు పలక పంపిస్తాడు. అది సరిగ్గా కోసి ఇస్తే ఆ ఇంటూ తీయించేస్తాడు."

"ఎవరు కోస్తారు?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "నువ్వే. ఎప్పటిలాగే."

"కర్టెన్ వెనకాల."

"ఎప్పటిలాగే అన్నానుగా" అని, చొక్కా విప్పడానికి గుండీల మీద వేళ్ళు పెట్టాడు. వేళ్ళకు గుండీ దొరకలేదు. ఆమె వెళ్ళి గుండీలు తీసింది. ఒక్కొక్కటీ తీస్తుంటే, ఇది కూడా కర్టెన్ వెనక పనేనని తోచింది.

మర్నాడు పలక వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. వాళ్ళ వెనకే పెద్దాయన, కాగితాల కుర్రాయన, తాళాలాయన వచ్చారు. అంత పెద్ద పలక లోపలి బల్ల మీద పట్టదు. ముందు గదిలో రెండు బల్లలు కలిపి, దుప్పట్లు పరిచి, దాని మీద పడుకోబెట్టారు. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అద్దాలాయన మొహం వాడిపోయింది.

"తమరు వెళ్ళిరండి. నేను నిదానంగా కోసి కబురు చేస్తా. ఇంకా కట్టు విప్పలేదు, చూశారుగా..."

"గీత గీయడానికి బలమెందుకయ్యా? మొయ్యడానికి మా వాళ్ళున్నారు. నువ్వు గీత గియ్యి. ఇన్నేళ్ళనుంచి నీ చెయ్యి గురించి వినడమే గాని ఎప్పుడూ చూడలేదు. కర్టెన్ వెనక దాక్కుని కోస్తావు, మంత్రం వేసేవాడిలా!"

నవ్వులు. అద్దాలాయన కొలత పెట్టి గుర్తులు వేశాడు. కట్టర్ తీసుకున్నాడు. చక్రం కిరసనాయిల్లో ముంచుతుంటే సీసా అంచుకు కట్టర్ తగిలి టకటకలాడింది. చెయ్యి గాజు మీదికి తెచ్చాడు. కట్టర్ గాజు మీద ఆనకుండానే గాలిలో సన్నగా కొట్టుకుంది. వెనక్కి తీశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ తెచ్చాడు.

కర్టెన్ వెనకనుంచి ఆమె అంతా చూస్తోంది. గుడ్డ సన్నది. ఆమె ఎన్నికే అది. లోపలినుంచి బయటికి కనిపిస్తుంది, బయటినుంచి లోపలికి కనిపించదు.

ఆయన కర్టెన్ వైపు చూశాడు. ఒకసారి దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం ఆమెకు తెలుసు. ఏదో ఒక సాకు చెప్పి బయటికి రమ్మని, ఇంట్లో ఏదో మాడిపోతోందని చెప్పమని, ఎలాగైనా నన్ను ఇందులోంచి తప్పించమని.

పెద్దాయన ఆ చూపు పట్టుకున్నాడు. "అటు చూస్తావేమయ్యా? లోపల ఎవరైనా ఉన్నారా?"

"అబ్బే, ఎవరూ లేరండి" అన్నాడు అద్దాలాయన. "మా ఆవిడే."

ఆమెకు చెవుల్లో గీత గీసిన చప్పుడు వినిపించింది. సన్నగా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. ఇక ఆ గీత వెంటే విరగాలి. ఇంకో దారి లేదు.

కర్టెన్‌ను కమ్మీ నుంచి లాగేసింది. రింగులు గలగల రాలాయి. అందరూ తిరిగి చూశారు. ఆమె కర్టెన్‌ను నాలుగు మడతలు వేసి, బల్లలు కలిసినచోట మెత్తగా ఉండటానికి పలక కిందికి తోసింది. మొగుడి చేతిలోంచి కట్టర్ తీసుకుంది. ఆయన ఇచ్చాడనడం కంటే వేళ్ళు వదిలేశాయనడం నిజం.

"ఏమే..."

"మీరు కూర్చోండి. నిలబడకూడదన్నారు డాక్టరుగారు."

స్కేలు సరిచేసింది. గుర్తులను ఇంకోసారి చూసింది. తర్వాత పలక తల దగ్గర మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, బల్ల వెంట అడుగులో అడుగు వేస్తూ కట్టర్ లాగింది.  చప్పుడు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. చక్రం చివరి అంచు దాటాక గాజు మీద తెల్లటి వెంట్రుక లాంటి గీత మిగిలింది.

కాగితాల కుర్రాయన చిన్నగా ఈల వేశాడు.

"ఓహో!" అన్నాడు పెద్దాయన. "ఊఁ, విరవండి మరి. పట్టండిరా."

మోసుకొచ్చినవాళ్ళు ముందుకు రాబోయారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కట్టర్‌ను బల్ల మీద పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకుంది.

"ముందు ఒక మాట చెప్పండి. ఈ షాపులో ఎవరైనా ఉన్నారా?"

"ఇదేం ప్రశ్న? ఇదిగో, మీ ఆయన ఉన్నాడుగా."

"మీరు సుద్ద పట్టుకుని వచ్చిన రోజు సంగతి అడుగుతున్నానండి. ఆ రోజు ఈ షాపులో ఎవరైనా ఉన్నారా?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా? ముందు పని కానీ."

"గీత గీశాక ఆలస్యం చెయ్యకూడదండి. గీత చల్లారితే గాజు మన మాట వినదు. దానికి తోచిన దారిలో పగులుతుంది."

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "బెదిరిస్తున్నావా?"

"గాజుకు బెదిరించడం రాదండి. పగలడమే వచ్చు."

"నోరు ముయ్యవే!" అన్నాడు అద్దాలాయన. "పెద్దాయన ముందు ఆ మాటలేమిటి? నా పరువు..."

"మీ పరువు కూడా ఈ పలక మీదే ఉంది" అంది ఆమె, ఆయన వైపు తిరక్కుండానే. "కదిలించకండి."

ఎవరూ కదల్లేదు. రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. దాని అదురుకు గోడకు చేరేసిన పలకలు సన్నగా మోగాయి. అందరి కళ్ళూ బల్ల మీది గీత మీదికి వెళ్ళాయి. పెద్దాయన నుదుటి మీద చెమట పట్టింది.

"సరే, ఉన్నావు" అన్నాడు. "నువ్వున్నావు. చాలా?"

"నేనున్నానని మొన్న కూడా అన్నారు. ఎవరైనా ఉండాలి కదా అని కూడా అన్నారు. ఎవరైనా ఉన్నారా?"

పెద్దాయన తాళాలాయన వైపు చూశాడు. తాళాలాయన తాళంచెవుల గుత్తి వైపు చూసుకున్నాడు.

"ఉన్నారమ్మా" అన్నాడు పెద్దాయన చివరికి, పన్ను పీకించుకున్నట్టు. "ఉన్నారు."

"అయితే ఆ ఇంటూ తప్పు."

తాళాలాయన చప్పున ముందుకొచ్చి భుజం మీది గుడ్డ తీశాడు.

"మీరు కాదు బాబాయ్. మీ చేతిలో సుద్ద మాత్రమే ఉందన్నారు. మాట ఆయనది."

పెద్దాయన తాళాలాయన చేతిలోని గుడ్డ వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళాడు. షట్టర్ సగానికి దింపి, జేబురుమాలు తీసి రుద్దాడు. సుద్ద ఒక పట్టాన పోలేదు. రుమాలు మీద ఉమ్మేసి మళ్ళీ రుద్దాడు. ఎదురుగా ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది. అక్క చూస్తోంది. గుర్తు పోయాక, "టిక్కు కూడా పెట్టండి" అంది ఆమె లోపలినుంచి. ఆయన తాళాలాయన దగ్గర సుద్ద అడిగి తీసుకుని టిక్కు పెట్టాడు.

అప్పుడామె పలక చుట్టూ తిరిగి మోతవాళ్ళను ఎక్కడెక్కడ పట్టాలో నిలబెట్టింది. గీత కిందుగా కట్టర్ పిడితో ఒకచోట మెల్లగా తట్టింది. పలకను అంచుకు జరిపించి, "ఊఁ" అంది. టక్. గీత వెంట తప్ప ఇంకెక్కడా పగల్లేదు.

పెద్దాయన దగ్గరికొచ్చి అంచు మీద వేలు పోనిచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అద్దాలాయన భుజం తట్టాడు.

"బాగా నేర్పావయ్యా!"

అద్దాలాయన ఆమె వైపు చూడలేదు.

"ఏదోలెండి" అన్నాడు.

---

మర్నాడు ఆమె బల్లను షాపు ముందుకు లాగింది. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. చట్నీ కావాలా అని కూడా ఆమె అడగలేదు. ఆయన తిన్నాడో లేదో చూడలేదు. షాపులో ఆయన కుర్చీ ఒక మూలకు జరిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. గిరాకీలు వచ్చి ఆమె కోస్తుంటే నిలబడి చూశారు. ఇద్దరు ముగ్గురు ఆయన వైపు తిరిగి, "మీరు నేర్పారా అండీ?" అని అడిగారు. ఒకసారికి ఆఁ అన్నాడు. రెండోసారికి తల ఊపాడు. ఆ తర్వాత వినపడనట్టు ఊరుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె కట్టర్‌ను సీసాలో నిలబెట్టి, ఏమీ చెప్పకుండా రోడ్డు దాటి ఇస్త్రీ అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క బండి పక్కన పీట వేసి, టీ గ్లాసు చేతిలో పెట్టింది.

"రుమాలు మీద ఉమ్మేశాడే!" అంది అక్క, అప్పటికి ఎన్నోసారో. "నా కళ్ళతో నేను చూశా. ఆ రుమాలు ఇస్త్రీకి వస్తుందిగా, రానీ. ఉతికి తెమ్మంటా ముందు."

ఆమెకు నవ్వు రాలేదు. "ఏదోలెండి అన్నాడక్కా" అంది.

"విన్నాన్లే."

"తుడిపించింది నేను. కోసింది నేను. ఏదోలెండి అనడానికి మాత్రం ఆయన."

అక్క ఒక చొక్కా మెడ పట్టీ మీద పెట్టెను గట్టిగా ఆనించింది. ఆవిరి లేచింది.

అప్పుడే షాపు ముందు ఒక స్కూటర్ ఆగింది. దిగినాయన పగిలిన అద్దం ఉన్న చట్రం ఒకటి చంకలో పెట్టుకుని మెట్టు దగ్గర నిలబడ్డాడు. కుర్చీలో ఉన్న అద్దాలాయనను చూశాడు. ముందున్న బల్లనూ చూశాడు.

"ఎవరూ లేరా అండీ?"

రోడ్డుకు ఇవతల ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. అద్దాలాయన లేచి నిలబడ్డాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. సీసాలోని కట్టర్ వైపు చెయ్యి చాపాడు. సగం దూరంలో ఆ చెయ్యి ఆగింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరూ లేరండి" అన్నాడు. "ఇప్పుడే వస్తుంది. కూర్చోండి."

అని, అప్పుడు విన్నాడు తను అన్నది.  రోడ్డుకు ఇవతల వైపు చూశాడు.

ఆమె గ్లాసులోకి చూసుకుంది. ఇంకా సగం ఉంది.

"గిరాకీ వచ్చిందే, పో" అంది అక్క.

"వెళ్తాలే అక్కా" అంది ఆమె. తాపీగా ఒక గుక్క తాగింది. "కాసేపు ఎవరూ లేకుండానే ఉండనీ."